హింసా నివారణలో ఆస్పత్రి

కత్తిపోటుతోనో తూటా గాయంతోనో మొగుడి దెబ్బలతోనో వచ్చిన మనిషికి కుట్లు వేసి పంపేయడంతో సరిపెట్టుకోకుండా, అదే మనిషి అలాంటి దెబ్బతోనే మళ్లీ రాకుండా చూసే పని కూడా ఆస్పత్రి నెత్తికెత్తుకుంటే దాన్ని ఆస్పత్రి ఆధారిత హింసా నివారణ అంటారు. పేరు కొత్తగా వినిపించినా ఆలోచన పాతదే. మలేరియా రోగికి మాత్రలిచ్చి ఊరుకోకుండా ఇంటి వెనక నీటిగుంట పూడ్పించిన డాక్టరు చేసిందీ ఇదే. కాకపోతే ఇక్కడ దోమ స్థానంలో మనిషి ఉంటాడు. అందుకే పని కష్టం.

మన పత్రికల్లో ‘ఆస్పత్రిలో హింస’ అన్న శీర్షిక కనిపిస్తే అది చాలావరకు రోగి బంధువులు డాక్టర్ల మీద చేయి చేసుకున్న వార్తే అయివుంటుంది. దాన్ని అరికట్టడానికి ఆంధ్రప్రదేశ్ 2008లోనే ప్రత్యేక చట్టం చేసింది. ఆ సంగతి వేరు. ఈ వ్యాసం ఆస్పత్రి బయట జరిగి స్ట్రెచర్ మీద లోపలికొచ్చే హింస గురించి.

గాయం జబ్బుగా మారిన వైనం

హింస తమ సబ్జెక్టేనని వైద్యులు ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. గాయం డాక్టరుది, గొడవ పోలీసులది అన్న పంపకం ఇద్దరికీ వీలుగానే ఉండేది. అమెరికా సర్జన్ జనరల్ సి. ఎవరెట్ కూప్ 1985లో వర్జీనియాలోని లీస్‌బర్గ్‌లో హింస, ప్రజారోగ్యం అన్న అంశం మీద వర్క్‌షాప్ పెట్టించాడు. హంతకుడికి ఏ శిక్ష వేయాలన్నది కాదు, హత్యలు ఎలా తగ్గించాలన్నది అక్కడి ప్రశ్న. 1996లో ప్రపంచ ఆరోగ్య సభ హింసను ప్రజారోగ్య సమస్యగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద తొలి ప్రపంచ నివేదిక వెలువరించింది. మనిషి తన మీద తాను చేసుకునేది, ఒకరు మరొకరి మీద చేసేది, గుంపులు గుంపుల మీద చేసేది అని ఆ నివేదిక హింసను మూడు పాయలుగా చూపింది. ఆత్మహత్యాయత్నాన్ని హింసలో కలపడం కొందరికి వింతగా తోచింది. పురుగుమందు కేసులతో రాత్రుళ్లు గడిపిన మన డాక్టర్లకు అందులో వింతేమీ కనిపించదు.

ఈ లోపల 1989లో డెట్రాయిట్ సర్జన్లు ఓ చిన్న లెక్క అచ్చేశారు. హింస వల్ల గాయపడి తమ దగ్గరికొచ్చిన 501 మంది ఐదేళ్లలో ఏమయ్యారో వెతికితే 44 శాతం మంది మరో గాయంతో తిరిగొచ్చారు, 20 శాతం మంది చనిపోయారు. నగరంలో తగిలే గాయం తిరగబెట్టే దీర్ఘవ్యాధి అని వాళ్లు తేల్చారు. ఈ మాటతో సర్జన్ల చూపు మారింది. తిరగబెట్టే జబ్బుకు ఒక్కసారి మందివ్వడం వైద్యం కాదని వైద్య విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే తెలుసు. షుగరు పేషెంటును ఇన్సులిన్ ఒక్క డోసిచ్చి ఇంటికి పంపేయరు కదా!

ఆస్పత్రి గడప దాటడానికి దారి వేసినవాళ్లు అంతకుముందే ఉన్నారు. జాక్ గైగర్ అనే డాక్టరు 1960ల మధ్యలో మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బయూలో నల్లజాతి కూలీల కోసం ఆరోగ్య కేంద్రం మొదలుపెట్టాడు. పిల్లలు తిండి చాలక చిక్కిపోయి వస్తుంటే అక్కడి డాక్టర్లు చీటీ మీద పాలు, మాంసం, కూరగాయలు రాసిచ్చేవారు. ఆ చీటీకి ఊళ్లో కిరాణా కొట్టు సరుకులిచ్చేది, బిల్లు కేంద్రం ఫార్మసీ ఖాతాలో పడేది. మందుల డబ్బుతో కిరాణా ఏమిటని పైనుంచి అధికారులు నిలదీస్తే, పుస్తకాల్లో చూశాను, పోషకాహార లోపానికి రాసిన మందు తిండేనని గైగర్ జవాబిచ్చాడు. ఇలాంటి పని మన దేశంలోనూ జరిగింది. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో మొదలుపెట్టిన గ్రామీణారోగ్య కార్యక్రమం ఈ బాటలోదే. 1993లో బోస్టన్ సిటీ హాస్పిటల్ పిల్లల డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేసి లాయరును పెట్టుకున్నారు. ఉబ్బసం పిల్లవాడు వారం తిరక్కుండా మళ్లీ వస్తున్నాడంటే ఇన్‌హేలర్ పనిచేయక కాదు, ఇంటి గోడలకు బూజు పట్టినా యజమాని బాగు చేయించక. ఆ యజమానికి నోటీసు పంపడమే మందని తేలింది.

ఓక్లాండ్: మంచం పక్కన కూర్చునే మనిషి

హింస విషయంలో ఈ ఆలోచనకు రూపమిచ్చింది డాక్టరు కాదు, రోగి. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో షెర్మన్ స్పియర్స్ అనే యువకుడు తుపాకీ కాల్పుల్లో వెన్నుకు దెబ్బ తగిలి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. ఆస్పత్రి మంచం మీద ఉన్నన్నాళ్లూ తనకు ప్రాణం పోసినవాళ్లు చాలామంది కనిపించారు గానీ, ఇకపై ఎలా బతకాలో చెప్పేవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. పరామర్శకొచ్చిన స్నేహితుల ధ్యాసంతా ఎదురుదెబ్బ ఎప్పుడు తీయాలన్న దాని మీదే. ఆ అనుభవం నుంచి 1994లో, యూత్ అలైవ్ అనే స్థానిక సంస్థ ఆసరాతో, ‘కాట్ ఇన్ ది క్రాస్‌ఫైర్’ పుట్టింది. ఈ తరహా కార్యక్రమాలన్నిటికీ ఇదే మొదటిదని చెబుతారు.

పని తీరు చూడ్డానికి సాదాగానే ఉంటుంది. తుపాకీ గాయంతోనో కత్తిపోటుతోనో కుర్రాడు రాగానే ఆస్పత్రి నుంచి ఫోను వెళ్తుంది. కాసేపటికి ఓ మనిషి వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. తెల్లకోటు ఉండదు, యూనిఫాం ఉండదు. చాలాసార్లు ఆయన కూడా ఆ వాడలోనే పెరిగి, ఓసారి తూటా తిన్నవాడో జైలుకెళ్లొచ్చినవాడో అయివుంటాడు. ‘ఎవడు కాల్చాడు’ అని అడగడు, అది పోలీసుల ప్రశ్న. అమ్మకు కబురు వెళ్లిందా, బయట వరండాలో నిలబడ్డ నీ దోస్తులు ఏమనుకుంటున్నారు, డిశ్చార్జి అయ్యాక ఏ ఇంటికెళ్తావు, ఆ ఇంటికి దారి ఏ వీధిలోంచి — ఇవీ ఆయన అడిగేవి. వరండాలో ఉన్నవాళ్లు ఆ రాత్రికి ఇళ్లకెళ్లి పడుకుంటే సగం పని అయినట్టే. ఎందుకంటే ఇలాంటి వీధుల్లో ఒక గాయం మరో గాయానికి పిలుపు.

మిగతా సగం నెలల తరబడి సాగుతుంది. గుర్తింపు కార్డు లేనివాడికి కార్డు, బడి మానేసినవాడికి మళ్లీ బడి, కోర్టు వాయిదాకు తోడు, నేర బాధితులకు ప్రభుత్వమిచ్చే పరిహారం కాగితాలు, మెడ మీది గ్యాంగు పచ్చబొట్టు చెరిపించడం, అవసరమైతే ఊరి మరో మూలకు ఇల్లు మార్పించడం. మన ఆరోగ్యశ్రీ ఆస్పత్రుల్లో కౌంటరు దగ్గర కాగితాలు పట్టుకుని రోగిని ఓ గది నుంచి మరో గదికి నడిపించే ఆరోగ్యమిత్రను ఊహించుకుంటే కొంత పోలిక దొరుకుతుంది. కాకపోతే ఈ మిత్రుడు ఆస్పత్రి గేటు దగ్గర ఆగిపోడు.

ఆస్పత్రి మంచమే ఎందుకు? చావు అంచుదాకా వెళ్లొచ్చినవాడికి మంచిమాట చెవికెక్కే గడియ ఒకటి ఉంటుందని, అది ఎక్కువ రోజులు నిలవదని ఈ రంగంలో పనిచేసేవాళ్ల నమ్మకం. మందు తాగి యాక్సిడెంటు చేసినవాళ్ల విషయంలోనూ డాక్టర్లు ఇదే గమనించారు. పక్క వీధిలో అరుగు మీద దొరకని మనిషి, డ్రిప్పు పెట్టిన చేత్తో కదలకుండా ఇక్కడ దొరుకుతాడు. ఈ మామూలు సంగతికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

బోస్టన్‌లో, తర్వాత ఫిలడెల్ఫియాలో పనిచేసిన జాన్ రిచ్ అనే డాక్టరు ఈ కుర్రాళ్లతో గంటలకొద్దీ మాట్లాడి ఇంకో సంగతి బయటపెట్టాడు. తూటా తగిలి వచ్చిన నల్లజాతి యువకుణ్ని చూడగానే ‘నిప్పు లేనిదే పొగ రాదు, వీడూ ఏదో చేసే ఉంటాడు’ అని నర్సు మొదలుకుని సర్జన్ దాకా లోలోపల అనుకుంటారు. ఆ అనుమానం వాళ్ల మాటల్లో, కత్తెరతో బట్టలు కోసే తీరులో, నొప్పి మాత్ర ఇచ్చే ఆలస్యంలో కుర్రాడికి తెలిసిపోతుంది. రాత్రుళ్లు నిద్రపట్టక, చిన్న శబ్దానికి ఉలిక్కిపడి, ధైర్యానికి తుపాకి కొనుక్కుంటాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడికి ఇవే లక్షణాలుంటే జబ్బంటారు, వీధి కుర్రాడికుంటే పొగరంటారు. రిచ్‌కు 2006లో మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. టెడ్ కార్బిన్‌తో కలిసి ఆయన నడిపిన ‘హీలింగ్ హర్ట్ పీపుల్’ మనసుకైన గాయాన్నే ముందు పెట్టింది.

లెక్కలు ఏమంటున్నాయి

ఈ కార్యక్రమాల మీద రాసే ప్రతి వ్యాసంలోనూ బాల్టిమోర్ లెక్క కనిపిస్తుంది. అక్కడి షాక్ ట్రామా సెంటర్‌లో కార్నెల్ కూపర్ అనే సర్జన్, తాను కుట్లు వేసినవాళ్లే మళ్లీ మళ్లీ బల్ల మీదికి రావడం చూసి విసిగి 1998లో ఓ కార్యక్రమం మొదలుపెట్టాడు. అంతకుముందే కనీసం ఓసారి హింసకు గురై, ప్రొబేషన్ మీదో పెరోల్ మీదో ఉన్న 100 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఈ తోడ్పాటు అందింది, రెండో జట్టుకు మామూలు వైద్యం. 2006లో అచ్చయిన ఫలితం ప్రకారం, మళ్లీ హింసాగాయంతో ఆస్పత్రిలో చేరినవాళ్లు మొదటి జట్టులో 5 శాతం, రెండో జట్టులో 36 శాతం. రెండో జట్టువాళ్లు హింసానేరాల్లో అరెస్టయ్యే అవకాశం మూడింతలు, శిక్షపడే అవకాశం నాలుగింతలు.

ఇంత తేడా చూసి పొంగిపోవడం సహజం. కానీ వంద మందితో తేల్చిన లెక్క అది. షికాగోలో 188 మంది యువకులతో చేసిన అలాంటి పరీక్షలో, మళ్లీ గాయపడ్డామని తమంతట తాము చెప్పినవాళ్లు సాయం అందిన జట్టులో 8.1 శాతం, అందని జట్టులో 20.3 శాతం ఉన్నారు. కానీ అరెస్టుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆస్పత్రిలో రోషెల్ డికర్ 2005లో మొదలుపెట్టిన ‘రాప్‌అరౌండ్’ కార్యక్రమంలో మళ్లీ గాయపడేవాళ్లు 16 శాతం నుంచి 4.5 శాతానికి తగ్గారని చెప్పారు. ఇక్కడ పోల్చింది పాత రోజులతో. ఊళ్లో హింస మొత్తంగా తగ్గుతున్న రోజుల్లో అలాంటి పోలికను ఉన్నదున్నట్టు నమ్మలేం. పైగా ‘సరే, మీతో వస్తాను’ అని ఒప్పుకునేవాడు అప్పటికే సగం మారినవాడు. ఒప్పుకోనివాడి మాటేమిటన్న ప్రశ్నకు గట్టి జవాబు ఇంకా లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో లెక్కల్లో నాకు ఎక్కువ పనికొచ్చేదిగా తోచింది మరొకటి. ఎవరి విషయంలో ఫలితం కనిపించిందో చూస్తే, మానసిక వైద్యం, ఉద్యోగం ఈ రెండు అవసరాలు తీరినవాళ్లే ముందున్నారు. ఉపదేశాలు ఆ జాబితాలో లేవు.

కార్డిఫ్: ఓపీ చీటీ చేసిన మేలు

అమెరికా మంచం పక్కన మనిషిని కూర్చోబెడితే, వేల్స్ రాజధాని కార్డిఫ్ కౌంటరు దగ్గర నాలుగు ప్రశ్నలు పెట్టింది. ఖర్చు చూసినా సొగసు చూసినా ఈ రంగంలో ఇంతకు మించింది నాకు కనిపించదు.

జొనాథన్ షెపర్డ్ దవడ, ముఖ శస్త్రచికిత్స నిపుణుడు. శనాదివారాల రాత్రుళ్లు పబ్బుల్లో పగిలిన బీరుగ్లాసులతో చీలిన ముఖాలు కుట్టడం ఆయన పని. వాళ్లను మాటల్లో పెడితే తెలిసిందేమిటంటే, ఆస్పత్రికొచ్చిన గొడవల్లో పెద్ద భాగం పోలీసు రికార్డుల్లో అసలు లేవు. తాగినవాడికి స్టేషన్‌కెళ్లే ఓపిక ఉండదు, కొట్టినవాడంటే భయం, తన తప్పూ ఉందన్న బెరుకు. దాంతో ఊళ్లో హింస ఎక్కడ జరుగుతోందో పోలీసులకన్నా ఆస్పత్రి రిసెప్షన్‌లో కూర్చున్న గుమస్తాకే బాగా తెలుసు. కాకపోతే ఆ సంగతి ఆ గుమస్తాకు తెలియదు, ఎందుకంటే ఎవరూ రాసుకోలేదు.

1990ల చివరినుంచి రాసుకోవడం మొదలైంది. పేరు, వయసు రాసుకునేటప్పుడే ఎక్కడ జరిగింది, ఎప్పుడు, దేనితో కొట్టారు, ఎంతమంది అని అడుగుతారు. ‘ఎక్కడ’ అంటే పేట పేరు కాదు, ఏ పబ్బు, ఏ వీధి మలుపు అన్నంత వివరంగా. పేర్లు తీసేసి ఆ వివరాలను నెలనెలా పోలీసులు, నగరపాలక సంస్థ, ఆస్పత్రి కలిసి కూర్చునే కమిటీకి పంపుతారు. అక్కడ పోలీసు లెక్క పక్కన ఆస్పత్రి లెక్క పెడితే అసలైన పటం తయారవుతుంది. గస్తీ వేళలు మార్చారు, కెమెరాల దిక్కు మార్చారు, వారాంతపు రాత్రుళ్లు పబ్బుల వీధిలో వాహనాలు ఆపేశారు, గాజుగ్లాసుల చోట ప్లాస్టిక్ గ్లాసులు పెట్టించారు, గొడవలకు అడ్డాగా మారిన పబ్బుల లైసెన్సులకు షరతులు పెట్టారు.

2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం కార్డిఫ్‌ను అలాంటి మరో 14 నగరాలతో పోల్చింది. హింస వల్ల ఆస్పత్రిలో చేరాల్సివచ్చినవాళ్లు కార్డిఫ్‌లో నెలకు లక్ష జనాభాకు 7 నుంచి 5కు తగ్గారు, మిగతా నగరాల్లో 5 నుంచి 8కి పెరిగారు. మిగతా కారణాలు సవరించి చూస్తే 42 శాతం తగ్గుదల. అదే సమయంలో పోలీసు రికార్డుల్లో చిన్నచిన్న కొట్లాటల సంఖ్య పెరిగింది. ఇది చేటు అనుకోవద్దు. పోలీసులు సరైన చోట ఉంటే తోపులాట దగ్గరే గొడవ ఆగి, కత్తుల దాకా వెళ్లదు.

షెపర్డ్ బృందం చేసిన పనులన్నీ కలిసిరాలేదు. గట్టిపరచిన గాజుతో చేసిన గ్లాసులు వాడితే గాయాలు తగ్గుతాయని బార్లలో పరీక్ష పెడితే, ఆ కొత్త గ్లాసులే తేలిగ్గా పగిలి సిబ్బంది చేతులు ఎక్కువ కోసుకున్నాయి. గాజు నాణ్యతకు ప్రమాణం ఉండాలని అప్పుడు తేలింది. లెక్కపెట్టే అలవాటు ఉండబట్టి ఈ తప్పు బయటపడింది, లేకపోతే ఆ గ్లాసులే ఊరంతా వ్యాపించేవి.

స్కాట్లాండ్‌లో కథ గ్లాస్గో ముఖాల మీద రాసివుంది. రెండు చెంపలకూ బ్లేడుతో గాటుపెట్టడం అక్కడి గ్యాంగుల ముద్ర. అందుకే అక్కడ కూడా ముందుకొచ్చింది పళ్ల డాక్టర్లు, ముఖ శస్త్రచికిత్స నిపుణులు. 2005లో పోలీసులు హింస తగ్గింపు యూనిట్ పెట్టారు, 2008లో డాక్టర్లు ‘మెడిక్స్ అగైన్స్ట్ వయొలెన్స్’ పేరుతో బడుల బాట పట్టారు, 2015లో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీ అత్యవసర విభాగంలో నావిగేటర్లు వచ్చారు. వాళ్లు వేసుకునేది గులాబీరంగు టీషర్టు. మందు మైకంలో ఉన్నవాడికి కూడా వీళ్లు పోలీసులు కారని దూరం నుంచే తెలియాలి కదా! లండన్‌లో కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో రెడ్‌థ్రెడ్ అనే సంస్థ 2006లోనే ఈ పని మొదలుపెట్టింది.

జీతం ఎవరిస్తారు

కుట్లకు బీమా డబ్బులిస్తుంది, మాటలకు ఇవ్వదు. ఈ కార్యక్రమాలు పుట్టినంత తేలిగ్గా మూతపడటానికి కారణం ఇదే. దాతృత్వ సంస్థల గ్రాంటు మూడేళ్లుంటుంది, తర్వాత కుర్చీ ఖాళీ. అమెరికాలో లాభాపేక్ష లేని ఆస్పత్రులు మూడేళ్లకోసారి తమ చుట్టుపక్కల జనం ఆరోగ్య అవసరాలను సర్వే చేసి తీరాలని 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం పట్టుబట్టింది. పన్ను మినహాయింపు నిలబెట్టుకోవాలంటే సర్వే తప్పదు. సర్వే చేస్తే హింస కనిపించక తప్పదు. 2009లో ఈ కార్యక్రమాలు ఒక జాతీయ వేదికగా ఏర్పడ్డాయి. 2021లో కనెక్టికట్, ఇల్లినాయ్ రాష్ట్రాలు పేదల వైద్యబీమా అయిన మెడికెయిడ్ నుంచి ఈ సేవకు చెల్లించేందుకు చట్టాలు చేశాయి. 2022లో కేంద్ర చట్టం వీధిహింస నివారణకు 25 కోట్ల డాలర్లు కేటాయించింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ వందలాది గ్రాంట్లను గడువు తీరకుండానే రద్దు చేసింది. అందులో ఇలాంటి సంస్థల డబ్బూ పోయింది.

ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది, దీని గురించి తక్కువ రాస్తారు. తూటా తిన్నవాణ్ని ఓదార్చడానికి తూటా తిన్నవాణ్నే పెడితే, రోజూ తన గాయాన్ని తానే కెలుక్కుంటున్నట్టు ఉంటుంది. పెద్ద జీతాలు కావు, చదువు డిగ్రీలు లేవని ఆస్పత్రి వరసల్లో చిన్నచూపు. ఏడాది కాంట్రాక్టు మీద ఉన్నవాడు ‘నీ వెనక నేనున్నాను’ అని మరొకడికి మాటివ్వాలి.

మన దగ్గర: ‘జారి’ విరిగిన చేతులు

భారతదేశంలో క్యాజువాలిటీకొచ్చే హింస తరహా వేరు. తుపాకులు తక్కువ, ఇల్లే ఎక్కువ. ఏ ప్రభుత్వాస్పత్రిలోనైనా డ్యూటీ డాక్టర్‌కు ఈ దృశ్యం పరిచితమే. ముంజేయి వాచి, కంటి కింద నలుపెక్కిన అమ్మాయి బల్ల మీద కూర్చుంటుంది. ఏమైందమ్మా అంటే ఆమె నోరు తెరవకముందే పక్కనున్న అత్తగారు, ‘బాత్రూములో కాలు జారిందండీ’ అంటుంది. ముంజేతి ఎముక విరిగిన చోటు మాత్రం వేరే చెబుతుంది: దెబ్బ పడుతుంటే తలకు అడ్డంగా చేయి ఎత్తినప్పుడు విరిగే చోటది. వెనక క్యూలో ముప్ఫైమంది. డాక్టరు ఎక్స్‌రే రాసి పక్క పేషెంటును పిలుస్తాడు. కేస్ షీటులో ‘జారి పడటం’ అని పడుతుంది. కాలిన గాయాల వార్డులో ‘స్టవ్ పేలింది’ అన్న మాటకూ ఇదే చరిత్ర.

జాతీయ కుటుంబారోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్న పెళ్లైన స్త్రీలు దేశంలో 29.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. హింసకు గురైన స్త్రీలలో సాయం అడిగినవాళ్లు 14 శాతమే, అదీ ఎక్కువగా పుట్టింటివాళ్లను. డాక్టరుకు చెప్పుకున్నవాళ్లు ఆ కొద్దిమందిలో కూడా బహు కొద్దిమంది. కానీ వాళ్లలో చాలామంది కాన్పుకో, నడుంనొప్పికో, పిల్లవాడి జ్వరానికో ఆస్పత్రికి వస్తూనే ఉంటారు.

ఈ తలుపును మొదట తీసింది ముంబయి. సెహత్ అనే పరిశోధన సంస్థ, ముంబయి నగరపాలక సంస్థ కలిసి 2000-01లో బాంద్రాలోని కె.బి. భాభా ఆస్పత్రిలో ‘దిలాసా’ మొదలుపెట్టాయి. దిలాసా అంటే ఊరట. దీని విశిష్టత స్వచ్ఛంద సంస్థ ఆస్పత్రి వరండాలో బల్ల వేసుకోవడం కాదు, ఆస్పత్రి తన సొంత నర్సులకూ డాక్టర్లకూ శిక్షణ ఇచ్చి దీన్ని తన విభాగాల్లో ఒకటిగా చేసుకోవడం. ఎముకల విభాగం నుంచో స్త్రీల వార్డు నుంచో చీటీ మీద రాసి పంపితే ఆమె అక్కడికెళ్తుంది. అత్తగారికి అది మరో ఓపీ గది మాత్రమే. ఆ రాత్రి ఇంటికెళ్తే ప్రమాదమనిపిస్తే ‘అబ్జర్వేషన్’ అని రాసి వార్డులో పడుకోబెడతారు. కౌన్సెలింగ్ అంటే మన దగ్గర సర్దుకుపొమ్మని చెప్పడమన్న అర్థం స్థిరపడిపోయింది. దిలాసా కౌన్సెలర్లకు మొదటి పాఠం అది చెప్పకపోవడం. తప్పు నీది కాదనడం, ఇంట్లో పరిస్థితి చేయిదాటితే ఏం చేయాలో ముందే అనుకోవడం: ఏ పక్కింటి తలుపు తట్టాలి, కాగితాలు ఎక్కడ దాచాలి, పిల్లల్ని ఎవరికి అప్పగించాలి. తర్వాత్తర్వాత ఈ నమూనా ముంబయిలోని మరెన్నో మునిసిపల్ ఆస్పత్రులకు వెళ్లింది. కేరళ 2009లో జిల్లా ఆస్పత్రుల్లో ‘భూమిక’ కేంద్రాలు తెరిచింది.

చట్టాలు కూడా ఆస్పత్రి మీద బాధ్యత పెట్టాయి. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం బాధితురాలికి వైద్యం చేయనని ఆస్పత్రి అనకూడదు. నిర్భయ ఘటన తర్వాత 2013 సవరణలతో అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ ఉచితంగా తక్షణ వైద్యం చేయాలి, చేయకపోతే శిక్ష. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు, పోలీసు కేసు వద్దని బాధితురాలు అన్నా వైద్యం ఆపకూడదని చెప్పాయి. అత్యాచార బాధితులకు ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయడం దుష్ప్రవర్తన కిందికి వస్తుందని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. 2015 ఏప్రిల్ నుంచి ‘సఖి’ వన్ స్టాప్ సెంటర్ పథకం వచ్చింది. తొలి కేంద్రం రాయ్‌పూర్‌లో తెరిచారు, ఇప్పుడు దేశంలో 800కు పైగా ఉన్నాయి. వైద్యం, పోలీసు, లాయరు, ఐదు రోజుల వరకు తలదాచుకునే చోటు ఒకే కప్పు కింద ఉండాలని ఉద్దేశం. మలేషియా 1990లలో కౌలాలంపూర్ ఆస్పత్రి అత్యవసర విభాగంలోనే ఇలాంటిది పెట్టింది. మన పథకం ఆస్పత్రి ఆవరణలో గానీ రెండు కిలోమీటర్ల లోపు గానీ ఉండాలంటుంది. ‘లోపు’ అన్న ఆ మాటలోనే చాలా జారిపోయింది. వార్డు పక్క గదికి నడిచెళ్లే ఆడమనిషి ఆటో ఎక్కి రెండు కిలోమీటర్లు వెళ్లలేదు. ఎక్కడికని అడిగేవాళ్లు పక్కనే ఉంటారు. హైదరాబాద్‌లో 2016లో పోలీసులు తెరిచిన ‘భరోసా’ కేంద్రం ఇంకో దారిది. దాన్ని నడిపేవాళ్లు పోలీసులు కాబట్టి కేసుల విషయంలో బలముంది, కేసు వద్దనుకునే స్త్రీకి గడప కాస్త ఎత్తుగా కనిపిస్తుంది.

పురుగుమందు తర్వాతి పద్దెనిమిది నెలలు

హింసను తమమీద తాము చేసుకున్నవాళ్ల విషయంలో మనకు దగ్గరగా, గట్టి సాక్ష్యం ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, మన దేశంలోనైతే చెన్నైలో, ఆత్మహత్యాయత్నం చేసి అత్యవసర విభాగాల్లో చేరిన 1,867 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు డిశ్చార్జి వేళ గంటసేపు మాటలు, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోను గానీ ఇంటికెళ్లి పలకరింపు గానీ. అంతే. మందు మార్చలేదు, యంత్రం తేలేదు. 2008లో ఫలితం చూస్తే, ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు మొదటి జట్టులో 2.2 శాతం, పలకరింపు అందిన జట్టులో 0.2 శాతం.

పురుగుమందు తాగినవాడికి వారం రోజులు వెంటిలేటర్ పెట్టి, అట్రోపిన్ ఎక్కించి, యముడితో పేచీపెట్టి బతికించే ఆస్పత్రులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2005లో హైదరాబాద్ నుంచి మొదలైన 108 అంబులెన్స్ వాళ్లను సమయానికి చేరుస్తోంది. డిశ్చార్జి రోజు చేతికొచ్చే కాగితంలో మాత్రల పేర్లుంటాయి, పది రోజుల తర్వాత ఓపీకి రమ్మని ఉంటుంది. అప్పు ఇంకా తీరలేదు, డబ్బా ఇంకా గడ్డివాము చాటునే ఉంది. వెంటిలేటర్‌కు అయిన ఒక రోజు ఖర్చుతో తొమ్మిది ఫోన్లు ఎన్నిసార్లు చేయవచ్చో లెక్క కట్టడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు.

రిజిస్టరు

చివరగా మన ఆస్పత్రుల్లో ప్రతి రాత్రీ జరిగే ఓ పని. కొట్లాట దెబ్బలతో, కాలిన గాయాలతో, విషంతో ఎవరొచ్చినా అది ఎం.ఎల్.సి., అంటే మెడికో-లీగల్ కేసవుతుంది. డ్యూటీ డాక్టర్ పొడుగాటి రిజిస్టరు తెరిచి రాస్తాడు: ఫలానా మనిషి, ఫలానా రోజు, రాత్రి ఇన్ని గంటలకు, ఫలానా ఊళ్లో బెల్టుషాపు దగ్గర, తెలిసినవాళ్లు కర్రతో కొట్టారని చెబుతున్నాడు. కార్డిఫ్ గుమస్తా అడిగే నాలుగు ప్రశ్నలకూ జవాబులు అందులో ఉన్నాయి. ఓ ప్రతి చింపి ఔట్‌పోస్టు కానిస్టేబుల్‌కిస్తారు. ఏ ఊళ్లో, ఏ షాపు దగ్గర, వారంలో ఏ రోజున ఎన్ని తలలు పగిలాయో ఎవరూ కూడిక వేయరు. నిండిన రిజిస్టరు బీరువాలోకి వెళ్తుంది. రెండు మూడేళ్ల తర్వాత కోర్టు సమన్లు వచ్చినప్పుడు, అప్పటికి బదిలీ అయిపోయిన డాక్టరు కోసం ఎవరో దుమ్ము దులిపి ఆ ఒక్క పేజీ జిరాక్సు తీస్తారు.